డాక్టర్ కాకపోయినా తల్లీబిడ్డల ఆరోగ్య పరిశోధనలో ఎపిడెమియాలజిస్ట్‌గా నిలబడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివారు, ఇప్పుడు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో ఏడాదిలో ఉన్నారు. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ఎపిడెమియాలజిస్ట్ కావాలని, అంటే జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కలతో వెతికే పని చేయాలని ఉంది. కానీ "మెడికల్ డిగ్రీ లేనివాళ్ళ మాట కాన్పుల వార్డులో ఎవరూ వినరు" అని సీనియర్లు భయపెడుతున్నారు. పీహెచ్‌డీ తప్పదా, రోజువారీ పని ఎలా ఉంటుంది, చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి మీరు అనుకున్న రెండు టాపిక్కుల్లో ఏది మేలు అని అడిగారు.

నిలబడొచ్చు. నేను డాక్టర్ని కాను, పందొమ్మిదేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మెడికల్ డిగ్రీ లేదని రెండు మూడు ఉద్యోగాలు చేజారిపోయాయి, అంతవరకు నిజం. ఒక్క షరతు మాత్రం ఉంది. ఎవరో పంపిన ఫైలు తెరిచి గణాంకాల మోడల్స్ నడపడమే ఉద్యోగం అనుకుంటే ఇక్కడ ఎక్కువ దూరం పోలేరు. ఆ ఫైల్లో ఉన్న అంకె ఎక్కడ పుట్టింది, ఎవరు రాశారు, ఎవరి పేరు అందులోకి ఎక్కకుండా పోయింది అని వెనక్కి వెళ్ళి చూసే ఓపిక ఉండాలి. అది ఉన్న మనిషిని డాక్టర్లే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు.

మాట వినకపోవడం గురించి ఒక పాత సంగతి చెప్తాను. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అని ఒక డాక్టర్ ఉండేవాడు. 1789 నుంచి 1792 దాకా ఆ ఊళ్ళో బాలింత జ్వరం చెలరేగింది. దానికి గాలి చెడడమే కారణమనో ఇంకోటనో జనం అనుకుంటున్న రోజుల్లో ఆయన ఒక పట్టిక వేశాడు. 77 మంది బాలింతలు: పేరు, వయసు, ఉండే చోటు, జబ్బు పడ్డ తేదీ, బతికిందా పోయిందా, కాన్పు చేసిందెవరు. 28 మంది పోయారు. కాన్పు చేసినవాళ్ళ గడిలో మళ్ళీ మళ్ళీ అవే పేర్లు, అందులో ఆయన పేరూ ఉంది. జ్వరాన్ని ఇంటింటికీ మోసుకెళ్తున్నది కాన్పు చేసేవాళ్ళేనని, తనూ అలా చాలామందికి అంటించానని 1795లో పుస్తకం అచ్చువేశాడు. ఊరు ఆయన్ని క్షమించలేదు. మళ్ళీ నౌకాదళంలో చేరి వెళ్ళిపోవాల్సి వచ్చింది. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ చేతులు కడిగించి అదే జ్వరాన్ని తగ్గించింది 1847లో, అంటే ఇంకో యాభై ఏళ్ళకి. ఆయన మాటా అప్పట్లో పెద్దగా ఎవరూ వినలేదు. ఇద్దరూ డాక్టర్లే. కాబట్టి డిగ్రీ ఉంటే మాట చెల్లుతుందన్న భ్రమ పెట్టుకోకండి.

గోర్డన్ పట్టికని ఇప్పుడు లైన్ లిస్ట్ అంటాం. ఎక్సెల్‌లో పది నిమిషాల పని. కాన్పు చేసిందెవరు అన్న గడి ఒకటి పెట్టాలని తోచడమే కష్టం. ఆ తోచడానికి కావాల్సినది వార్డులో గడిపితే వస్తుంది, ఏ డిగ్రీ ఉన్నా సరే.

నాకు అది ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ఆసుపత్రి నుంచి నాలుగేళ్ళ కాన్పుల డేటా చేతికొచ్చింది. పుట్టిన బరువు 2500 గ్రాముల కన్నా తక్కువుంటే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క, మీకు తెలిసిందే. మోడల్ సిద్ధం, అబ్‌స్ట్రాక్ట్ సగం రాసేశాను కూడా. ఎందుకో ఆ సాయంత్రం బరువులకి హిస్టోగ్రామ్, అంటే ఏ బరువు ఎంతమందికి ఉందో చూపే బొమ్మ, గీశాను. నున్నటి గుట్టలా రావాల్సిన బొమ్మ సరిగ్గా 2500 దగ్గర గాలిగోపురంలా లేచింది. దానికి ఎడమ పక్క దాదాపు ఖాళీ. మర్నాడు రిజిస్టర్ చూడ్డానికి వెళ్ళాను. ఒక పేజీలో వరుసగా 2500, 2500, 3000, 2500, 2800, 2500. పక్కన బల్ల మీద ముల్లు తిరిగే పాత తూకం, వంద గ్రాములకో గీత. నైట్ డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని మెల్లగా అడిగాను. ఆవిడ ఏమీ దాచలేదు. "2500 కన్నా తగ్గితే వేరే ఫారం నింపాలండి, మూడు కాపీలు. 2400 ఉండి బిడ్డ బాగా ఏడుస్తుంటే 2500 రాసేస్తాం" అంది. ఆ రాత్రి వార్డులో ఇద్దరు సిస్టర్లు, పదకొండు కాన్పులు. నేనే ఆవిడ స్థానంలో ఉంటే అదే రాసేవాణ్ణి.

ఆ పేపర్ అక్కడే ఆగిపోయింది. దానికి బదులు ఆ ఆసుపత్రికి డిజిటల్ తూకం వచ్చింది, ఫారం ఒకే పేజీకి తగ్గింది. సీవీలో రాసుకోవడానికి పనికిరాని విషయం. నిజానికి నేను చేసిన పనుల్లో పదిమందికీ పనికొచ్చింది మాత్రం అదే అనిపిస్తుంది.

మిగతా రంగాల్లో లేని ఇంకో చిక్కు ఇక్కడ ఉంది: కాలం. ఇద్దరి ప్రాణాలు, ఒకే గడియారం, అది ఎప్పుడు మొదలైందో సరిగ్గా ఎవరికీ తెలియదు. చివరి నెలసరి తేదీ చాలామందికి గుర్తుండదు. మొదటి మూడు నెలల్లో స్కాన్ తీస్తే నెలలు బాగానే తెలుస్తాయి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ లెక్క వదులైపోతుంది. ఎనిమిదో నెలలో తీసిన స్కాన్‌లో బిడ్డ చిన్నగా ఉంటే నెలలు తక్కువయ్యా, లేక ఎదుగుదల తక్కువయ్యా చెప్పడం కష్టం.

ఇదేదో గణాంకాల వాళ్ళ చాదస్తం అనుకోకండి. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లోనే చూపించారు. పెద్దాసుపత్రుల్లో అది ఎంతోమంది బిడ్డల్ని నిలబెట్టింది. అదే మందుని కింది స్థాయి కేంద్రాల దాకా తీసుకెళ్దామని ఆరు దేశాల్లో చేసిన ఏసీటీ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. బాగా చిన్న బిడ్డల్లో మరణాలు తగ్గలేదు. అందరు బిడ్డల్నీ కలిపి చూస్తే నవజాత మరణాలు కొంత పెరిగాయి, తల్లుల్లో ఇన్ఫెక్షన్లూ పెరిగాయి. నెలలు నిండలేదనుకుని ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళలో చాలామంది తర్వాత నెలలు నిండాకే కన్నారు. ఆ మీదట డబ్ల్యూహెచ్‌ఓ ఐదు దేశాల ఆసుపత్రుల్లో, స్కాన్‌తో నెలలు లెక్కగట్టి, పుట్టిన బిడ్డని చూసుకునే ఏర్పాట్లున్న చోట మళ్ళీ ట్రయల్ చేసింది. 2020లో ఫలితం వచ్చింది, ఈసారి మరణాలు తగ్గాయి. మందు మాత్రం మారలేదు.

నేనూ ఈ కాలం దగ్గరే బోల్తాపడ్డాను. రెండో ఏడాదో మూడో ఏడాదో, ఎనిమిదిసార్లు చెకప్‌కి వెళ్ళిన గర్భిణుల్లో నెలలు నిండని కాన్పులు చాలా తక్కువగా ఉన్నాయని తేల్చాను. తేడా ఎంత పెద్దదంటే రాత్రి నిద్ర పట్టలేదు, పెద్ద జర్నల్‌కే పంపాలనుకున్నాను. మా గైడ్ మేడమ్ టేబుల్ చూసి ఒకే ప్రశ్న వేశారు: "ఏడో నెలలో కాన్పయిపోయిన ఆవిడ ఎనిమిదో చెకప్‌కి ఎప్పుడు వెళ్తుంది?" అంతే. తొందరగా కన్నందువల్ల చెకప్‌లు తగ్గాయి, నేను దాన్ని తిరగేసి చదివాను. ఇప్పుడు నా దగ్గరికి రివ్యూకి వచ్చే పేపర్లలో ఏటా రెండు మూడైనా ఇదే తప్పుతో వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు పెరిగిన బరువు, వాడిన మందుల కోర్సులు, దేన్ని లెక్కపెట్టినా ఇదే ఉచ్చు.

ఇంకో ఉచ్చు పేరు కూడా గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడుగుతారు. 1971లో యెరుషల్మీ అనే పరిశోధకుడు ఒక వింత చూపించాడు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్ని మాత్రమే తీసుకుంటే, సిగరెట్ తాగే తల్లుల బిడ్డల్లో మరణాలు తాగని తల్లుల బిడ్డల్లో కన్నా తక్కువ. అంటే పొగ మంచిదనా? సిగరెట్ తాగని తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టిందంటే దాని వెనక ఇంకేదో కారణం ఉండాలి. పుట్టుకతో వచ్చిన లోపం లాంటిది, పొగ కన్నా ప్రమాదకరమైనది. బరువు అనే గుమ్మం దగ్గర నిలబడి లోపలికొచ్చిన వాళ్ళనే పోల్చడంతో పొగ అమాయకంగా కనిపించింది. 2006లో హెర్నాండెజ్-డియాజ్ బృందం దీన్ని, ఏది దేనికి కారణమో చూపే బాణాల బొమ్మలతో విడమరిచి రాశారు. వాటినే డీఏజీలు అంటారు. డీఏజీలు నేర్చుకోమని అందరూ ఎందుకు చెప్తారో ఆ ఒక్క పేపర్ చదివితే తెలుస్తుంది.

ఏం నేర్చుకోవాలి అంటే, మీకు స్టాటిస్టిక్స్ ఎలాగూ ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకండి. ఆర్, స్టేటా, ఏది వచ్చినా చాలు. ఒక సంఘటన జరగడానికి ఎంత కాలం పట్టిందో లెక్కగట్టే సర్వైవల్ అనాలిసిస్ మాత్రం గట్టిగా పట్టుకోండి, కాలం గొడవ తీర్చేది అదే. తోబుట్టువుల పోలిక ఎలా చేస్తారో చూడండి. గర్భంతో ఉన్నప్పుడు పారాసెటమాల్ వేసుకుంటే బిడ్డకి ఆటిజం వస్తుందా అన్న దాని మీద స్వీడన్ నుంచి 2024లో దాదాపు 25 లక్షల మంది పిల్లల డేటాతో ఒక అధ్యయనం వచ్చింది. మామూలుగా పోలిస్తే కొద్దిపాటి సంబంధం కనిపించింది. ఒకే తల్లి పిల్లల్లో, మందు వేసుకున్న గర్భాన్నీ వేసుకోని గర్భాన్నీ పోలిస్తే అది మాయమైంది. మంచి పద్ధతే, అయినా అదేమీ మంత్రదండం కాదు. రెండు గర్భాల మధ్య మారిపోయే విషయాలు చాలా ఉంటాయి.

వీటన్నిటికన్నా ముందు ప్రసూతి శాస్త్రం, నవజాత శిశువుల వైద్యం పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని కూర్చుని చదవండి. గుర్రపువాతం ఎలా మొదలవుతుంది, మాయ విడిపోవడం అంటే ఏమిటి, కాన్పు తర్వాత రక్తస్రావం ఎందుకు ఆగదు. పరీక్ష రాయక్కర్లేదు, సిస్టర్ మాట్లాడుతుంటే అర్థం కావాలి. డాక్టర్ల దగ్గర మర్యాద పోయేది డిగ్రీ లేనందుకు కాదు, మొదటి మీటింగ్‌లోనే మాయకీ ఉమ్మనీటికీ తేడా తెలియకుండా మాట్లాడినందుకు.

పీహెచ్‌డీ సంగతి: సొంతంగా ప్రశ్న వేసి, గ్రాంట్ తెచ్చుకుని, అధ్యయనం నడపాలంటే కావాలి. ఇంకొకరి బృందంలో డేటా చూసుకుంటూ ఉండడానికి అక్కర్లేదు, అందులోనూ గౌరవంగా బతకొచ్చు. నా సలహా, ఎంపీహెచ్ అవగానే దూకకండి. రెండేళ్ళు ఎక్కడైనా ఫీల్డ్ పని ఉన్న ప్రాజెక్టులో చేరండి. అప్పుడు మీ పీహెచ్‌డీ ప్రశ్న మీదే అవుతుంది, గైడ్‌గారి దగ్గర మిగిలిపోయిన డేటాసెట్ అవదు.

రోజువారీ పని గురించి ఎక్కువ ఊహించుకోకండి. వారంలో అసలు అనాలిసిస్ చేసేది ఒక రోజుంటే గొప్ప. మిగతాది ఎథిక్స్ కమిటీకి జవాబులు రాయడం, ప్రశ్నావళిలో ఒక ప్రశ్న మీద గంటన్నర వాదించుకోవడం, రెండు ఫైళ్ళలో ఒకే తల్లికి రెండు ఐడీలు ఎందుకొచ్చాయో వెతకడం, ఫోన్లు. నాకు ఆ వెతకడం ఇష్టం. అది విసుగనిపించేవాళ్ళు ఈ పనిలో రెండేళ్ళకి మించి ఉండటం నేను చూడలేదు.

డబ్బు విషయం కూడా సూటిగా చెప్పాలి. ఉద్యోగాలు చాలావరకు గ్రాంట్ ఉన్నన్నాళ్ళే. మనం అడిగే ప్రశ్నలకి జవాబు రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది, డబ్బు మూడేళ్ళకో ఐదేళ్ళకో వస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1991, 92ల్లో మొదలైన ఆల్‌స్పాక్ కోహార్ట్ (ఒకే గుంపుని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం) ఇప్పటికీ నడుస్తోంది, ఆనాటి బిడ్డలకి పుట్టిన బిడ్డల్ని కూడా చూస్తున్నారు. అదృష్టవంతులు. అమెరికాలో లక్షమంది పిల్లల్ని పుట్టకముందు నుంచి 21 ఏళ్ళ దాకా చూద్దామని మొదలుపెట్టిన నేషనల్ చిల్డ్రన్స్ స్టడీని 2014లో మూసేశారు, అప్పటికే వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. తొంభై దేశాల్లో తల్లీబిడ్డల లెక్కలకి ఆధారమైన డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య) సర్వేలు 1984 నుంచి నడుస్తుంటే, 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం డబ్బు ఆపేయగానే ఒక్కసారిగా చిక్కుల్లో పడ్డాయి. నా కాంట్రాక్టులు కూడా రెండుసార్లు మధ్యలో తెగిపోయాయి. ఆర్నెల్ల ఖర్చులకి పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. ఈ పనిలో చావుల గురించి అడగాల్సి వస్తుంది. మరణ ధ్రువపత్రం లేని చోట ఇంటికెళ్ళి, బిడ్డ ఎలా పోయిందో తల్లినే అడిగి కారణం నిర్ణయిస్తాం. దాన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. ఒకసారి ఫీల్డ్ బృందంతో నేనూ వెళ్ళాను. రిజిస్టర్‌లో ఆ బిడ్డ చనిపోయి పుట్టినట్టు ఉంది. ఏడ్చాడా అంటే లేదంది. ఊపిరి తీశాడా అంటే తెలియదంది. కదిలాడా అన్న ప్రశ్న దగ్గర ఆగి, "నా వేలు పట్టుకున్నాడు" అంది, చూపుడువేలు మడిచి చూపించింది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, బొడ్డుతాడులో కొట్టుకోవడం, ఒంట్లో స్పష్టమైన కదలిక, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డబ్ల్యూహెచ్‌ఓ నిర్వచనం ప్రకారం అది సజీవ జననం. ఫారంలో గడి మార్చాం. చనిపోయి పుట్టిన బిడ్డల లెక్కలో ఒకటి తగ్గింది, నవజాత మరణాల్లో ఒకటి పెరిగింది. ఆవిడ మాత్రం వాడికి పేరు పెట్టుకోవచ్చా అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి మా బృందంలో ఎవరినీ రోజుకి రెండు ఇంటర్వ్యూలకి మించి చేయనివ్వను. మీరు చేరే చోట అలాంటి నియమం ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇక మీ ప్రాజెక్టు. మొదటి టాపిక్, ఇంటర్నెట్‌లో దొరికే డేటాసెట్ మీద మెషిన్ లెర్నింగ్‌తో నెలలు నిండని కాన్పుల్ని ముందే పసిగట్టడం. రెండోది, కాన్పు గురించి తల్లులు గుర్తుపెట్టుకుని చెప్పేదీ ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉన్నదీ ఎంతవరకు కలుస్తాయో చూడటం. నేనైతే కళ్ళు మూసుకుని రెండోదే తీసుకుంటాను. మొదటిది చూడ్డానికి మెరుస్తుంది, కానీ ఆ ఫైల్లో నెలల లెక్క ఎలా కట్టారో మీకు చెప్పే మనిషి ఉండడు. రెండోదానికి మంచి నమూనా కూడా ఉంది. ఎన్-బర్త్ అని బంగ్లాదేశ్, నేపాల్, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో 23 వేలకు పైగా కాన్పుల్ని పక్కన నిలబడి చూసి, రిజిస్టర్‌తోనూ తల్లుల జవాబులతోనూ పోల్చారు, 2021లో అచ్చయింది. రక్తస్రావం ఆపడానికి కాన్పవగానే ఇచ్చే ఇంజెక్షన్ గురించి అడిగితే చాలామంది తల్లులు తెలియదనే అన్నారు. ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది పాపం. మీరు అంత పెద్దగా చేయక్కర్లేదు. ఒకే ఆసుపత్రి, ఐదారు ప్రశ్నలు, రెండొందల మంది తల్లులు చాలు. సిజేరియన్ లాంటి మర్చిపోలేని విషయం ఒకటి, ఇంజెక్షన్ లాంటిది ఒకటి, పుట్టిన బరువు తప్పనిసరిగా.

రిజిస్టర్ నింపే సిస్టర్లతో మొదటి రోజే పరిచయం చేసుకోండి, తప్పులు పట్టడానికి రాలేదని చెప్పండి. ఎథిక్స్ కమిటీ అనుమతి మాత్రం మీరు అనుకున్నదాని కన్నా రెండు నెలలు ఆలస్యంగానే వస్తుంది, కాబట్టి టాపిక్ ఖరారు కాకముందే ఆ దరఖాస్తు మొదలుపెట్టేయండి.